కొంగు అతికే వేళ

ఫోన్ ఇంకా రాలేదు. ఇంకాసేపట్లో వస్తుంది. వస్తే ఏం చెప్పాలో తెలియదు కనుక రాకపోతేనే బాగుండు, రాకపోతే రాత్రి గడిచేదెట్లాగో తెలియదు కనుక వస్తేనే బాగుండు, ఈ రెండూ కలిసి రోహిణిని చెరో పక్కకు లాగుతుంటే చేతులు మాత్రం ఆ గొడవ తమకు పట్టనట్టు తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఎదురుగా కూర్చున్న అమ్మ సుభద్రమ్మ పట్టుపోగు ఒకటి ఏరి అందిస్తుంది. రోహిణి మగ్గం మీది నూలుపోగు కొసను దానికి జతచేసి, బూడిద అద్దుకున్న రెండు వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పి, ఆ మెలిని వెనక్కి మడిచి నలుపుతుంది. అంతే, అతుకు పడింది. మళ్లీ ఇంకో పోగు. గద్వాల చీరంటే ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. కట్టుకునే మహాతల్లులకు నూలు ఎక్కడ అయిపోయిందో పట్టు ఎక్కడ మొదలైందో తెలియకూడదు, తెలియకుండా ఉంచడానికే ఇక్కడ ఈ నడుములు వంగిపోవడం. పడుగులో ఎన్ని నిలువు పోగులుంటే అన్ని అతుకులు. మామూలు రోజైతే ఈ పని రోహిణికి ఇష్టమే, చేతులు ఇక్కడ వదిలేసి మనసు ఎక్కడెక్కడో తిరిగి రావచ్చు. ఇవాళ మనసు కూడా ఇక్కడే కూలబడింది, కిటికీ గూట్లో కుంకుమ భరిణెకు ఆనించి పెట్టిన ఫోన్ ముందు. చెయ్యి చాపితే అందదు, లేచి రెండంగలు వేస్తే అందుతుంది, ఆ రెండంగలే ఇప్పుడు హిమాచల్ అంత దూరం.

పొద్దున ఈ పని ఉంటుందని తెలిస్తేగా. మధ్యాహ్నం వంటింటి పనులు ముగించి, ఎండబెట్టిన బట్టలు తెస్తానని ఎప్పటిలాగే మిద్దె మీదికి పోయి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చొని మాట్లాడవచ్చు అనుకుంది. సావుకారి మనిషి వచ్చి, ఎవరో పెళ్లివాళ్లు తొందరపడుతున్నారు, చీర త్వరగా దిగాలన్నాడు. నాన్న బుచ్చయ్య అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూనే ‘‘కొంగు అతకనీకె కూసోండ్రి, జరీ తెస్త’’ అని బజారుకు పోయాడు. కడుపునొప్పి అందామనుకుంది రోహిణి. నోరు తెరిచేలోపే అమ్మ బూడిద చిప్పతో ఎదురుగా వచ్చి కూర్చుంది. ఒక్కసారి కూర్చుంటే అయిపోయినట్టే. ఈ ఇంట్లో కొంగు అతకడం ఎవరు మొదలుపెడితే వాళ్లే ముగించాలి. ఒక్కొక్కరి మెలి ఒక్కో తీరు, ఒకరిది బిగువు, ఒకరిది వదులు. మధ్యలో చెయ్యి మారితే, పోగులను దువ్వెనలాంటి అచ్చులోంచి లాగేటప్పుడు సరిగ్గా ఆ మారిన చోటే పుటుక్కుమంటుందని ముత్తవ్వ నాటి నుంచి వస్తున్న మాట. నాయనమ్మకు నొప్పులు మొదలైనా చివరి పోగు అతికాకే లేచిందని చెబుతారు. అప్పుడు కడుపులో ఉన్నది నాన్నే కనుక వేరే సాక్షి ఎవరూ లేరు. మరి ఆమెకు నొప్పులైతే వచ్చాయి గాని ఫోనైతే రాలేదు కదా, అనుకుంది రోహిణి, ఎవరి మీద కోపమో తెలియని కోపంతో.

కోపం మహేశ్వర్ మీదే. ఇంకెవరి మీద? తెల్లారి హిమాచల్ కొండల్లో డ్యూటీ దిగి వచ్చి, గొంతులో సొరంగం దుమ్ము ఇంకా పోకముందే ఫోన్ చేశాడు. ‘‘కంపెనీవాళ్లు కొత్త పనికి పంపుతమంటున్రు రోహిణి. అరుణాచల్ అంట. మూడేండ్లంట. గాడ టవర్ గిట్ల ఏం లేదు, నెలకోసారి కిందికి దిగితె ఫోన్ దొరుకుతదంట. ఇయ్యాల మాపటి షిఫ్టుకు దిగకముందే సంతకం పెట్టాలె. నువ్వు రా అంటె అన్నీ ఇడిసిపెట్టి వస్త. పో అంటె పోత. షిఫ్టుకు దిగేముందు ఫోన్ చేస్త, ఆలోచించి జెప్పు. నాకైతె ఏం తోస్తలేదు.’’ నాకైతే ఏం తోస్తలేదు! ఎంత సులువుగా అన్నాడు. తనకు తోచకపోతే ఇక్కడ గద్వాలలో బూడిద నలుపుకుంటూ కూర్చున్నదానికి తోస్తుందా? కొండను తొలిచేవాడికి ఒక మాట తొలుచుకోవడం చేతగాలేదు. పోనీ తనకు చేతనైందా? పొద్దుటి నుంచి ఎసట్లో బియ్యం పోస్తూ అదే, ఊడుస్తూ అదే. రా అంటే వస్తాడు. వచ్చి ఘణపూర్ దగ్గర వాళ్ల నాన్న బోరెండిన చెలక పొలంలో నిలబడతాడు. కొన్నాళ్లు బాగుంటుంది. తర్వాత ఏదో ఒక రోజు, కూరలో ఉప్పు తక్కువైన రోజు, ‘నీకోసమే గదా వచ్చిన’ అంటాడు. అనకపోయినా అన్నట్టు చూస్తాడు. పో అంటే పోతాడు. మూడేళ్లు. ఈలోపు ఇక్కడ మేనమామలు తెచ్చే సంబంధాలకు ఏ వంక చెప్పాలి, ఎన్ని కడుపునొప్పులు తెచ్చుకోవాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడ్డానికి చారెడు నేల, ఆ నేలకు కూడా నెట్‌వర్క్ రాదు.

‘‘వడిగ తిప్పకు, జర మెల్లగ’’ అంది అమ్మ, తలెత్తకుండానే.

మెల్లగా తిప్పింది. మెల్లగానే మొదలైంది అసలు. వనపర్తిలో చిన్నమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు, శనివారం గద్వాలకు వచ్చే బస్సులో కిటికీ సీటు కోసం తగాదా. తువ్వాలు వేసి సీటు ఆపుకున్నది నేను అంటాడు, తువ్వాలుకు టికెట్ కొట్టించినవా అంటుంది తను. పాలిటెక్నిక్ చదివే పిల్లగాడు, మొహం మీద మీసం వచ్చీరానట్టు. బస్సు కొత్తకోట దాటేవరకు నిలబడే వచ్చాడు, దాటాక కూర్చోమంది. అట్లాంటి శనివారాలు చాలా గడిచాక ఒకసారి ఖిల్లా ఘణపూర్ కోట ఎక్కారు. కింద బస్సు దిగినప్పుడు చూస్తే కొండ ఎంత నున్నగా ఉంది, ఎక్కుతుంటే రాళ్లు, కంపచెట్లు, చెప్పు తెగింది, అరికాలు గీసుకుపోయింది. దూరపు కొండలు నునుపు అని బడిలో పంతులు చెప్పింది ఎంత నిజమో అని నవ్వుకుంది. అతను పైనుంచి చెయ్యి చాపి ‘‘అగో, గా ఆముదం చెలక మాదే’’ అన్నాడు. ఏదో ఎర్రటి ముక్క, అన్ని ముక్కల్లాగే. వాళ్ల తాత జమానాలో ఇంట్లో మగవాళ్లంతా ఆనకట్టల పనికి పోయేవాళ్లట, దేశం మీద ఎక్కడ రాయి పగలగొట్టాల్సి వచ్చినా పాలమూరు మేస్త్రీలు వచ్చి లారీలు ఎక్కించుకుపోయేవాళ్లట, పీర్ల పండుగకు వచ్చి ఆలుబిడ్డల మొహాలు చూసి మళ్లీ లారీ ఎక్కేవాళ్లట. ‘‘నేనైతె పోను. చదువుకున్న గద, ఈడనే ఏదన్న చూసుకుంట’’ అన్నాడు. అన్నాడు కదా! కోట మీద, గాలికి చొక్కా ఎగురుతుంటే అన్నాడు. తాత తట్ట మోయడానికి పోయాడు, మనవడు హెల్మెట్ పెట్టుకొని సర్వే చేయడానికి పోయాడు, పోవడం మాత్రం పోవడమే.

మహేశ్వర్ వాళ్ల నాయనమ్మ మల్లమ్మకు ఫోన్ లేదు. ఏడాదికోసారి మనిషే వచ్చేవాడు. మధ్యలో బతికి ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఆమె ఎట్లా ఉండేదో మహేశ్వర్ ఒకసారి అడిగాడట. ‘‘ఎట్ల ఉంటర్రా, పనిజేస్కుంట ఉంటిమి’’ అందట. అదే మేలేమో. ఏమీ తెలియకుండా పనిచేసుకుంటూ ఉండటం. ఇప్పుడు అన్నీ తెలుసు. వాళ్ల క్యాంపులో కుక్క పేరు భూరి అని తెలుసు, రొట్టెలు చేసే బిహారీ మారితే అతనికి మూడు రోజులు అజీర్తి అని తెలుసు, షిఫ్టు మారే సైరన్ ఎట్లా కూస్తుందో తెలుసు. అతను నడిచేటప్పుడు ఇప్పుడు కూడా ఎడమకాలు కాస్త ఈడుస్తాడా? తెలియదు. పక్కన కూర్చుంటే ఏ వాసన వస్తాడు? మరిచిపోయింది. మరిచిపోయానని గుర్తొచ్చిన రోజు మిద్దె మీద చాలాసేపు ఏడ్చింది, మళ్లీ అతని ఫోన్ వచ్చేసరికి కళ్లు తుడుచుకొని ‘తిన్నవా’ అని అడిగింది. ఎప్పుడూ అదే మొదలు. తిన్నవా? తిన్న. నువ్వు? తిన్న. ఏం కూర? ఆ తర్వాత మాట్లాడటానికి చాలా ఉంటుంది, కాని ఆ నాలుగు మాటలు అయ్యేసరికే గొంతు ముక్కలు ముక్కలైపోతుంది, ‘ఇనొస్తుందా, ఇనొస్తుందా’తో మిగిలిన కాలం గడిచిపోతుంది. తను నవ్వితే ఆ నవ్వు అక్కడికి చేరేసరికి అతను వేరే మాటలో ఉంటాడు. నవ్వెందుకు అంటాడు. ఏమని చెబుతుంది, ఇందాకటి దానికి అనా?

కిటికీ గూట్లో ఏదో మెరిసింది. గబుక్కున తలెత్తింది. ఎండ. వీధిలో ఎవరిదో బండి అద్దం మీద పడిన ఎండ.

‘‘ఏమంటది వైష్ణవి? ఇయ్యాల ఇంకా ఫోన్ చెయ్యనట్టుంది?’’ అంది సుభద్రమ్మ.

ఫోన్లో మహేశ్వర్ పేరు వైష్ణవి. వైష్ణవి నిజంగానే ఉంది, డిగ్రీలో పక్క బెంచీ, నాగర్‌కర్నూలు పిల్ల, పెళ్లయి వెళ్లిపోయి ఎన్నాళ్లో అయింది, రోహిణితో మాట్లాడి కూడా అన్నాళ్లే అయింది. కాని ఈ ఇంట్లో వైష్ణవి రోజూ పొద్దునా మాపునా ఫోన్ చేస్తుంది, పండుగకు పబ్బానికి చేస్తుంది. ‘‘మస్తు ఓపిక పిల్ల’’ అంటుంది అమ్మ అప్పుడప్పుడు. అట్లా అన్నప్పుడు అమ్మ మొహం చూడాలంటే రోహిణికి భయం. పోయిన చీర కొంగు అతికేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్ పుల్లలు పెట్టుకొని కూర్చుంది, పైన కొంగు కప్పుకొని. అతను అటునుంచి క్యాంపు కబుర్లు చెబుతున్నాడు, ఎవరో సర్వేయర్ బురదలో పడిన సంగతి. తను నవ్వు ఆపుకుంటూ వేళ్లు తిప్పుతోంది. ఎక్కడో ఒకచోట ఈ పోగు కొసకు ఆ పోగు, ఆ పోగు కొసకు ఈ పోగు తగిలించింది. పక్కపక్క పోగులు, కంటికి ఏం తెలుస్తుంది? నాన్న అచ్చులోంచి లాగేటప్పుడు తెలిసింది. రెండూ పెనవేసుకొని బిగుసుకుపోయాయి, లాగితే ఆ చుట్టుపక్కలవి కూడా తెగాయి. బుచ్చయ్య అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఇట్లాంటి అతుకు చూడలేదన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. తెగిన వాటిని ఒక్కొక్కటే ఏరి మళ్లీ అందించింది, అవి అతికించి అయ్యాక మాత్రం, ‘‘ఇగ అతికేటప్పుడు ఫోన్ గూట్ల వెట్టు. వైష్ణవిని జరసేపు ఆగుమను’’ అంది. ఆ రోజు నుంచి ఫోన్ గూట్లో ఉంటోంది. తెలుసా అమ్మకు? తెలిస్తే ఎందుకు అడగదు? తెలియకపోతే ఆ మాట ఎందుకు అట్లా అంది? అడిగితే చెప్పేసేదే. అడగని తల్లికి ఎట్లా చెప్పాలి?

అయినా చెప్పడానికి ఏముంది. ప్రేమ అని చెప్పాలంటే మనిషి ఉండాలి కదా, చూపించడానికి. ఈ గొంతును ప్రేమిస్తున్నానని చెబితే అమ్మ నవ్వదా? ఆ నాగర్‌కర్నూలు సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. పోయినేడు నాగర్‌కర్నూలులో తన అక్క కూతురి తొట్టెల కార్యానికని మహేశ్వర్ వచ్చాడు, వచ్చీరాగానే తిరుగు ప్రయాణం. గద్వాలకు వచ్చే వీలు లేదు, నువ్వే రా అన్నాడు. వైష్ణవి బాలింత, చూసొస్తానని చెప్పి తను బస్సెక్కింది. బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే కింద కృష్ణలో బండలు బయటపడి ఉన్నాయి, ఆ బండలన్నిటికీ దండం పెట్టుకుంది, ఏమీ అడ్డు రాకుండా చూడమని. ఏమీ రాలేదు. వనపర్తిలో బస్సు మారింది, నాగర్‌కర్నూలులో దిగింది, అతను నిలబడి ఉన్నాడు, నల్లబడ్డాడు, చిక్కాడు, మీసం ఒత్తుగా పెంచాడు. ఇద్దరూ బస్టాండు బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత జాగా. ఎన్ని నెలలుగానో ఎదురుచూసిన గంట అది.  ఎండలు బాగున్నాయి అన్నాడు. అవును అంది. బస్సు రద్దీగా ఉండెనా అన్నాడు. లేదు అంది. సోడా తెచ్చాడు, తాగారు. మొహం వంక చూడాలంటే సిగ్గు, చూడకుండా ఉండాలంటే ఏడుపు. ఈ మనిషెవరు? ఈ మీసాలాయనతోనా రోజూ రాత్రి తలుపు గడియపెట్టి గుసగుసలాడింది? అతనికీ అట్లాగే ఉందేమో, లేచి ‘‘జర ఆగు’’ అని వెళ్లిపోయాడు. పోయి, పోయి, ఆ చివర కొల్లాపూర్ బస్సులు ఆగే చోట స్తంభం వెనక నిలబడ్డాడు. తన ఫోన్ మోగింది. వైష్ణవి. ‘‘ఆఁ, ఇప్పుడు జెప్పు. తిన్నవా?’’ అంది ఆ గొంతు. అంతే, కట్ట తెగినట్టు ఇద్దరూ మాటలే మాటలు. అతను అక్కడ, తను ఇక్కడ, మధ్యలో బస్సులు వస్తూ పోతూ, పల్లీలమ్మేవాడు అరుస్తూ. తను నవ్వింది, ఆ నవ్వు వెంటనే అతనికి చేరింది, స్తంభం వెనక నుంచి చెయ్యి ఊపాడు. గద్వాల బస్సు వచ్చేదాకా అట్లాగే మాట్లాడుకున్నారు. చిత్రంగా ఉందని ఆ రోజంతా మురిసిపోయింది. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం చలి పుట్టింది. వెన్నులోంచి పుట్టిన చలి. దూరం తగ్గితే మనిషి దగ్గరవుతాడనే కదా ఈ తిప్పలన్నీ పడింది. మరి ఆ గొంతుకు దూరమే తిండి అయితే? రా అంటే వచ్చేది ఎవరు? ఆ గొంతేనా, ఆ మీసాలాయనా?

పట్టుపోగు అందలేదు. చెయ్యి చాపి ఉంచింది, అందలేదు. తలెత్తి చూస్తే అమ్మ పోగు పట్టుకొని అట్లాగే ఆగి ఉంది, కిటికీ వైపు చూస్తూ.

‘‘మీ నాయిన భివండి వోయినప్పుడు’’ అంది సుభద్రమ్మ, ఎవరో అడిగినట్టు, ‘‘నువ్వు ఇంకా పుట్టలే. ఈడ మగ్గాలు సల్లగైనయని పవర్లూముల పనికి వాయె. నాలుగేండ్లు. పోకముందు కూరల మస్తు కారం తింటుండె. సాలలేదని పచ్చి మిరపకాయ కొరుక్కుంటుండె. నాలుగేండ్లు నేను గదే తలుసుకుంట ఉంటి, వచ్చినంక కారం వేసి గట్ల వండాలె, ఇట్ల వండాలె అని. వచ్చిండు. వండిన. ఒక్క ముద్ద వెట్టుకొని నీళ్లు తాగిండు. కారం తింటలేనే, ఇడిసిపెట్టిన అన్నడు.’’

ఇంతేనా అన్నట్టు చూసింది రోహిణి. చిన్నప్పటి నుంచి ఈ ఇంట్లో కూర చప్పగానే ఉంటుంది. అట్లాగే ఉండాలేమో అనుకుంది ఇన్నాళ్లూ. ‘‘మరి?’’ అంది.

‘‘మరేంది? చప్పగ వండుడు నేర్సుకున్న.’’

‘‘అంటే... పోకుంటెనే మంచిగుండునా అమ్మా?’’

 అమ్మ పట్టుపోగు అందించింది, రోహిణి అతికింది, ఇంకోటి అందించింది. ‘‘ఏమో బిడ్డా’’ అంది చివరికి. ‘‘పోకుంటె తిననీకె లేకుండె. పోతె మనిషి లేకుండె. ఏది మంచిగుండునో నాకేం తెలుసు. ఉన్నంగద ఇగ.’’

ఏమో అంటుందేమిటి? ఇంత వయసొచ్చి, ఇంత చూసి, ఆఖరికి ఏమోనా? పెద్దవాళ్లకు తెలుస్తుందని కదా వాళ్లను పెద్దవాళ్లనేది. రోహిణికి ఒళ్లు మండింది, వెంటనే జాలేసింది, ఆ వెంటనే భయమేసింది. తనూ ఒక రోజు ఎవరికో పోగు అందిస్తూ ఏమో బిడ్డా అంటుందా? ఇంత ప్రయాస, ఇన్ని అబద్ధాలు, మిద్దె మీద ఇన్ని ఎండలు, రీచార్జిల కోసం దాచిన చిల్లర, రాత్రి దుప్పట్లో చెవి కాలేదాకా పట్టుకున్న ఫోన్, ఇవన్నీ పోసి పోసి చివరికి దక్కేది ఒక ఏమోనా? వదిలేస్తే? ఇవాళే, ఈ ఫోన్‌లోనే, పో, ఇంక వద్దు, నీ దారి నీది అనేస్తే?  అతను లేకపోతే రోజులో ఏముంది? మేలుకోగానే చూసేది ఏది? కూర మాడితే ఎవరికి చెప్పాలి? గొంతే కావచ్చు, గొంతు తప్ప ఇంకేం లేకపోవచ్చు, కాని తన బతుకులో జరిగినవన్నీ ఆ గొంతు దగ్గరే ఉన్నాయి, అది పోతే అవీ పోతాయి. రా అందామా? రా అనాలి. మీసాలాయనే రానీ. బెంచీ మీద మాటలు లేకుండా కూర్చోనీ. చప్పగా వండటం నేర్చుకోదా తను? నేర్చుకుంటుంది. వద్దు, పోవద్దు, వచ్చెయ్ అనాలి. అవును, అదే అనాలి. ఎంత చిన్న మాట. వచ్చెయ్. లోలోపలే పలికి చూసుకుంది. ఒక పోగుకు ఒకసారి చొప్పున పలుకుతూ అతుకుతోంది.

అప్పుడు వెలిగింది. ఈసారి ఎండ కాదు. గూట్లో కుంకుమ భరిణె ఎర్రగా మెరిసింది, ఫోన్ మీద వైష్ణవి పేరు వెలిగి ఉంది, శబ్దం లేదు, వెలుగే. రోహిణి వేళ్ల మధ్య మెలి సగంలో ఉంది. కదిలితే ఊడుతుంది. కదల్లేదు. వెలుగు అట్లాగే ఉంది, ఉంది, ఆరింది. ఊపిరి వదిలింది. ఊపిరి వదిలినందుకు తనను తాను తిట్టుకుంది. మళ్లీ చేస్తాడు. చెయ్యడేమో. షిఫ్టు బండి వచ్చేసిందేమో. మళ్లీ వెలిగింది.

‘‘పో’’ అంది సుభద్రమ్మ.

అర్థం కానట్టు చూసింది.

‘‘పో పిల్లా, ఎత్తు. నేను వట్టుకుంట’’ అంటూ అమ్మ ముందుకు వంగి, రోహిణి వేళ్ల మధ్య ఉన్న ఆ సగం మెలిని తన వేళ్లతో పట్టేసుకుంది. ఎవరూ చేయని పని. నాయనమ్మ నొప్పుల్లో కూడా చేయనివ్వని పని. రోహిణి లేచింది, కాళ్లు తిమ్మిరెక్కి తూలింది, గోడ పట్టుకొని గూటి దగ్గరికి పోయింది. వేలితో పక్కకు నెట్టింది. ఫోన్ కదల్లేదు. మళ్లీ నెట్టింది. వేళ్లన్నీ బూడిద, నలిపి నలిపి చర్మం చచ్చిపోయింది, వేలు తనదే అని ఆ అద్దానికి తెలియడం లేదు. చీరకు తుడుచుకునే వ్యవధి లేదు. వంగి ముక్కుతో నెట్టింది. పిండి కలుపుతూ, పేడ చేతుల్లో ఉండి ఎన్నోసార్లు చేసిన పనే. ఎత్తింది. మొహం గూట్లో పెట్టి, కుంకుమ వాసనలో, గోడకు చెప్పుకుంటున్నట్టు ‘‘హలో’’ అంది.

‘‘ఆఁ, రోహిణి.’’ వెనక యంత్రాల హోరు, ఎవరో హిందీలో కేకలు. ‘‘బండెక్కుతున్నం. ఆఫీసు కాడ్నే ఉన్న. జెప్పు.’’

వచ్చెయ్. ఇంతసేపూ పోగుకొకసారి పలికిన మాట. నాలుక మీదే ఉంది. నోరు తెరిచింది.

‘‘తిన్నవా?’’ అంది.

కాసేపు ఏమీ లేదు. ఆ మాట కొండలెక్కి పోవాలి కదా. ‘‘తిన్న’’ అంది గొంతు. ‘‘నువ్వు?’’

‘‘తిన్న.’’

‘‘ఏం కూర?’’

‘‘బీరకాయ.’’

 అతను ఊపిరి పీలుస్తున్న చప్పుడు, లేదా గాలి. ‘‘మరి ఏంజేద్దాం?’’ అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. ఏదో ఒకటి చెప్పి నన్ను ఇందులోంచి బయటపడెయ్ అనే బతిమాలడం. రోహిణికి అది వినబడింది, తన గొంతులోనూ అదే ఉందని అప్పుడే తెలిసింది.

‘‘నువ్వేమంటవ్?’’ అంది.

‘‘నేనేమంట. నువ్వు జెప్పు.’’

‘‘నాకేం తెల్వదు మహేశ్.’’

సైరన్ కూసింది. ఆ సైరన్ తనకు బాగా తెలుసు. ఎవరో అతని పేరు పిలిచారు. ‘‘పిలుస్తున్రు. సరే...’’ అన్నాడు, ఆగాడు, ఇంకా ఆగాడు, అంతసేపూ ఆమెకోసమే ఆగాడు. ‘‘సంతకం పెడ్త మరి.’’

‘‘వద్దు’’ అంది రోహిణి. ‘‘వద్దు, వచ్చెయ్.’’ అని, మొహం గూట్లోంచి తీసి చూసింది. ఫోన్ నల్లగా ఉంది. ఎప్పుడు తెగిందో. చేతులు చీరకు గట్టిగా తుడుచుకొని, వేలు ఉమ్మితో తడుపుకొని మళ్లీ కలిపింది. మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరని ఒక ఆడమనిషి హిందీలో చెప్పింది, ఇంకోసారి కలిపితే ఇంకోసారి చెప్పింది, ఎన్నిసార్లు కలిపినా విసుగులేకుండా అదే చెప్పింది. బండి సొరంగంలోకి పోయి ఉంటుంది. లోపలికి పోతే తెల్లారేదాకా ఇంక గొంతు కూడా లేదు. తెల్లారేసరికి ఆ కాగితం ఎక్కడికో పోయి ఉంటుంది.

వెనక్కి తిరిగింది. అమ్మ తన చోటికి జరిగి కూర్చొని ఉంది, ఒక్కతే, ఎడమచేత్తో పోగు ఏరుకుంటూ, కుడిచేత్తో మెలి తిప్పుకుంటూ. బెత్తెడు మేర అమ్మ చేతి అతుకులు పడ్డాయి. బిగువుగా, పొట్టిగా, తన వాటిలా కాకుండా. నాన్న వచ్చి చూస్తే ఒక్క చూపులో కనిపెడతాడు. విప్పి మళ్లీ అతకాలేమో, ఎవరిది విప్పాలో. రోహిణి ఎదురుగా, అమ్మ ఇందాక కూర్చున్న చోట కూర్చుంది. పట్టుపోగు ఒకటి ఏరి అందించింది.

‘‘ఏమన్నడు?’’ అంది సుభద్రమ్మ.

వైష్ణవి ఏమన్నది అని కాదు. ఇన్నాళ్ల వైష్ణవి అంత తేలికగా, ఏ అరుపూ లేకుండా ఇంట్లోంచి వెళ్లిపోయింది. అంత పెద్ద సంగతి జరిగినందుకు రోహిణికి ఏమీ అనిపించలేదు.

‘‘తిన్నడంట’’ అంది.

చెప్పడానికి ఇంకేముంది? తిన్నాడు, తనూ తిన్నది, కూర బీరకాయ. ఇంకో పోగు ఏరబోతే కనబడలేదు, పట్టంతా ఒకటే రంగు మడుగై కదులుతోంది. ఒక వెక్కు వచ్చింది, ఇంకోటి వచ్చింది. అమ్మ వేళ్లు మెలి మీద ఉన్నాయి, వదల్లేదు. మోచెయ్యి మాత్రం ఎత్తి, బూడిద అంటకుండా, కూతురి చెంప ఒకసారి అదిమి తుడిచింది.

‘‘జర అటు తిరిగి ఏడువు బిడ్డా’’ అంది. ‘‘దారం తడుస్తది.’’

రోహిణి అటు తిరిగింది. తిరిగి ఏడుస్తూనే, చెయ్యి వెనక్కి చాపి ఇంకో పోగు అందించింది.